జెట్టు తూటు పెద్దది చేస్తే మంట బాగుపడదు

సంపాదకుల గారికి నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడుతోంది. ఇంకొన్ని రోజుల్లో వరంగల్, హనుమకొండ, పరకాల, నర్సంపేట, ఏ ఊళ్లో చూసినా సకినాల మూకుళ్లు పొయ్యి మీదికెక్కుతాయి. గంటల తరబడి ఒకే తీరు మంట కావాలి. ఏడాదంతా ఎట్లనో నెట్టుకొచ్చిన పొయ్యి సరిగ్గా ఆ వారంలోనే ఎర్రగా మండి మూకుడు అడుగంతా మసి పట్టిస్తుంది. అప్పుడు చాలా ఇళ్లల్లో చేసే పని ఒకటే: సూదితోనో, పిన్నుతోనో పొయ్యి లోపల గ్యాసు చిమ్మే జెట్టును పొడవడం, లేదా వీధిలోకి వచ్చిన రిపేరువాళ్లతో తూటు పెద్దది చేయించుకోవడం. మంట నిజంగానే పెద్దదవుతుంది. కానీ అది ఇంకా ఎర్రగా, ఇంకా పొడుగ్గా మండుతుంది, బండ ముందే అయిపోతుంది, వంటింట్లో కళ్లు మండుతాయి. మేము ఈ ఉత్తరం రాస్తున్నది ముందుగా ఆ పని మాన్పించాలని. మంట ఎర్రబడితే గ్యాసు తక్కువైందని చాలామంది అనుకుంటారు. తక్కువైంది గాలి.

ఇది అర్థం కావాలంటే పొయ్యి లోపల జరిగేది కొంచెం తెలియాలి. బండలో గ్యాసు ఎక్కువ ఒత్తిడి మీద ద్రవంగా ఉంటుంది. రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములకు దించి పొయ్యికి పంపుతుంది. 30 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు అడుగున ఎంత ఒత్తిడి పెడతాయో అంతే. ఇంటి పొయ్యిలో జెట్టు, గొట్టం, బర్నర్ అన్నీ ఈ ఒత్తిడికే లెక్కగట్టి చేస్తారు. నాబ్ తిప్పితే గ్యాసు దాని వెనకున్న కాక్ అనే కవాటం గుండా జెట్టులోకి వస్తుంది. జెట్టు అంటే నడుమ సన్నని తూటు ఉన్న చిన్న ఇత్తడి మర. అందులోంచి గ్యాసు జోరుగా దూసుకొస్తూ, ఎదురుగా ఉన్న మిక్సింగ్ ట్యూబ్ మూతి దగ్గరి గాలిని తనతో లోపలికి లాక్కుపోతుంది. ఆ గొట్టంలో రెండూ కలిసి బర్నర్ టోపీ తూట్లలోంచి బయటికి వచ్చి మండుతాయి. ఒక వంతు గ్యాసు పూర్తిగా కాలాలంటే 25 నుంచి 30 వంతుల గాలి కావాలి. అందులో దాదాపు సగం ఈ గొట్టంలోనే కలవాలి. మిగతాది మంట చుట్టూ ఉన్న గాలి ఇస్తుంది. గొట్టంలో కలవాల్సిన గాలి తగ్గిందా, మంట కొనలు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇంకా తగ్గితే మసి.

ఇప్పుడు జెట్టు పొడవడం సంగతి. ఇంటి పొయ్యి జెట్ల తూటు బర్నర్ సైజును బట్టి సుమారు 0.5 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. 0.65 ఉన్న తూటు గీకి గీకి 0.75 అయిందనుకుందాం. కంటికి ఆ తేడా ఆనదు. కానీ గ్యాసు వచ్చే దారి అడ్డకొలతను బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే గ్యాసు మూడో వంతు ఎక్కువ వస్తుంది. గాలి లోపలికి పోయే గొట్టం మాత్రం అదే, టోపీ తూట్లూ అవే. అంత గ్యాసుకు సరిపడా గాలిని ఆ గొట్టం లాగలేదు. మామూలు బట్టలు కుట్టే సూదే చాలా జెట్ల తూటు అంత లావు ఉంటుంది, కొన్నిసార్లు ఇంకా లావే. ఇత్తడి మెత్తటి లోహం కాబట్టి సూది తిప్పినప్పుడల్లా తూటు అంచు అరిగి గుండ్రం చెడుతుంది, గ్యాసు ధార వంకర పోతుంది. ధార గొట్టం నడిమికి కాకుండా గోడకు కొడితే గాలిని లాగే బలం సగానికి పడిపోయినట్టే. ఒకసారి చెడిన జెట్టును మళ్లీ సరిచేయడం కుదరదు, అదే సైజు కొత్తది వేయాల్సిందే. అది పొయ్యిలో అన్నిటికంటే చవకైన భాగాల్లో ఒకటి.

మరి ఏం చేయాలి? మొదట అన్ని బర్నర్లూ ఒక్కొక్కటిగా వెలిగించి చూడండి. ఒక్క బర్నరే చెడుగా మండి మిగతావి నీలంగా ఉంటే తప్పు ఆ బర్నర్‌లోనే ఉంది: దాని టోపీ, గొట్టం, జెట్టు, కాక్. అన్నీ ఒకేతీరు నీరసంగా మండితే తప్పు పొయ్యికి ఇవతల ఉంది: బండ, రెగ్యులేటర్, పైపు. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోతుంది. పొయ్యి మీద ఒకే సైజు బర్నర్లు రెండుంటే పొయ్యి చల్లారాక వాటి టోపీలు అటుది ఇటు మార్చి చూడండి. జబ్బు టోపీతోపాటు పక్కకు పోతే తప్పు టోపీది. ఉన్నచోటే ఉంటే గొట్టంలోనో జెట్టులోనో ఉంది.

మన దిక్కు ఇళ్లల్లో టోపీ తూట్లు మూసుకుపోవడానికి మూడు ముఖ్య కారణాలు. గంజి, పాలు, పిండి. అన్నం పొంగి గంజి టోపీ మీద పడి ఎండితే తూట్లలో గట్టి పెచ్చు కడుతుంది. జొన్నరొట్టెలు చేసే ఇళ్లల్లో పెనం మీంచి రాలిన పొడిపిండి తూట్లలోంచి నేరుగా గొట్టంలోకి దిగుతుంది. పైన టోపీ తళతళలాడుతున్నా మంట ఎర్రగానే ఉందంటే లోపల పిండి పేరుకున్నదని అనుమానించాలి. మూకుడు నూనె చింది గొట్టంలోకి కారితే ఆ జిగటకు పిండి, దుమ్ము అంటుకుని గొట్టం సన్నబడుతుంది. ఇది కాక పురుగులు. కొద్ది రోజులు వాడని బర్నర్ గొట్టంలో సాలీడు గూడు కడుతుంది, మట్టిగూడు పెట్టే కందిరీగ దూరుతుంది, బొద్దింక చచ్చి ఉంటుంది. జాతరకో, పెండ్లికో ఊరికి పోయి వారం పది రోజులకు తిరిగొచ్చిన ఇళ్లల్లో ఒక బర్నర్ మాత్రమే హఠాత్తుగా ఎర్రగా మండితే ముందు చూడాల్సింది ఇదే.

శుభ్రం చేసే పద్ధతి చెబుతాం. ముందు బండ దగ్గర రెగ్యులేటర్ మూయాలి. నాబ్ ఒక్కటే మూస్తే చాలదు. పొయ్యి పూర్తిగా చల్లారాలి. టోపీలు తీసి, వేడి నీళ్లలో సబ్బుపొడి కలిపి అరగంట నానబెట్టండి. ఇత్తడి టోపీ అయితే పాత పళ్ల బ్రష్షు, చింతపండు గుజ్జు చాలు, ఇత్తడి బిందె తోమినట్టే. కానీ చింతపండు పెట్టి రాత్రంతా వదిలేయొద్దు, తోమిన వెంటనే మంచినీళ్లతో కడిగేయండి. బాత్‌రూం కడిగే యాసిడ్ అసలు వద్దు. అది ఇత్తడినీ తింటుంది, కింది భాగంలోని అల్యూమినియం మిశ్రమాన్ని ఇంకా తొందరగా తింటుంది. చాకలి సోడా, కాస్టిక్ సోడా కూడా అల్యూమినియంకు పడవు. మూసుకుపోయిన తూట్లను ఒక్కొక్కటిగా టూత్‌పిక్‌తోనో, గట్టి బ్రష్షు వెంట్రుకతోనో తియ్యాలి. మేకుతో, డ్రిల్లుతో వద్దు. టోపీ తూటు కూడా జెట్టు లాగే లెక్క ప్రకారం చేసినదే. గ్యాసు గాలి మిశ్రమం తూటులోంచి బయటికొచ్చే వేగం, మంట వెనక్కి పాకే వేగం కంటే ఎక్కువ ఉండాలి. తూటు వెడల్పయితే ఆ వేగం పడిపోయి మంట లోపలికి దూరుతుంది.

కడిగిన టోపీని పూర్తిగా ఆరబెట్టడం అన్నిటికంటే మరిచిపోయే పని. తూట్లలో నీటి చుక్కలు ఉండగా పెడితే మంట అక్కడక్కడ ఆరుతుంది, టపటపమంటుంది. ఎండలో గంటసేపు పెట్టండి, లేదంటే గుడ్డతో తుడిచి ఫ్యాను కింద పెట్టండి. ఈలోపు మిక్సింగ్ ట్యూబ్ సంగతి చూడాలి. పొయ్యిని తలకిందులు చేసే ముందు పైపు ఊడదీయండి. చాలా పొయ్యిల్లో గొట్టాన్ని ఒకటి రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి. అవి విప్పి గొట్టం బయటికి తీసి, సీసాలు కడిగే సన్న బ్రష్షుతో రెండు వైపుల నుంచీ తోమండి. చివర వెలుతురుకు పట్టి చూస్తే లోపలి గోడ నున్నగా కనబడాలి. గొట్టం మూతి దగ్గర గాలి రంధ్రం చుట్టూ తిరిగే చిన్న రేకు ఉన్న పాత పొయ్యిలు కొన్ని ఉన్నాయి. ఆ రేకు ఎక్కడుందో ముందు గీత గీసి పెట్టుకోండి. మంట పసుపు కొనలతో ఉంటే రేకును కొంచెం తెరవాలి, మంట టోపీ నుంచి ఎగిరిపడుతుంటే కొంచెం మూయాలి. రేకు లేని పొయ్యిల్లో గాలిని మనం మార్చేది లేదు. దారి శుభ్రంగా ఉంచితే చాలు.

జెట్టు మూసుకుపోతే మంట చిన్నదవుతుంది, నాబ్ పూర్తిగా తెరిచినా పెరగదు. అప్పుడు దాన్ని సరైన సైజు స్పానర్‌తో విప్పి, సబ్బునీళ్లలో కడిగి, వెనక వైపు నుంచి గట్టిగా ఊదండి. ఇంకా రాకపోతే కరెంటు మెత్తటి వైరు లోపలి రాగి పోగుల్లోంచి ఒక్క పోగు తీసి తూటులోంచి దూర్చి లాగండి. ఆ పోగు సుమారు 0.2 మిల్లీమీటర్లే ఉంటుంది, రాగి ఇత్తడి కంటే మెత్తన, జెట్టును గీకదు. చిన్న బర్నర్ జెట్టు, పెద్ద బర్నర్ జెట్టు చూడటానికి ఒకటే. కలగలిపితే చిన్న బర్నర్ మసి పడుతుంది, పెద్దది నీరసపడుతుంది. అందుకే ఒక్కొక్కటిగా విప్పి ఒక్కొక్కటిగానే బిగించండి. బిగించాక గొట్టం మూతిని జెట్టుకు సూటిగా, నడిమికి వచ్చేటట్టు పెట్టి స్క్రూలు బిగించాలి. పొయ్యి కింద పడినా, బరువైన బగోన తరచూ ఒకే పక్కకు పెట్టినా లోపల జెట్లకు గ్యాసు తెచ్చే కడ్డీ ఇంచుక వంగి జెట్టు పక్కకు చూస్తుంది. అన్నీ శుభ్రంగా ఉండీ ఒక పక్క ఎర్రగా, ఒక పక్క నీలంగా మండే బర్నర్లలో చాలావాటి జబ్బు ఇదే.

తిరిగి పెట్టేటప్పుడు టోపీ తన గాడిలో కూర్చుందో లేదో వేలితో కదిపి చూడండి. ఊగితే అంచు కింది నుంచి మంట వస్తుంది. కొన్నాళ్లకు అంచు కాలి గుంటలు పడి ఎంత తిప్పినా కూర్చోదు. అప్పుడు అదే కంపెనీ, అదే సైజు టోపీ కొనండి. చేతికి బరువుగా ఉన్న ఇత్తడిది చాలా ఏళ్లు నిలుస్తుంది. పలుచటి మిశ్రమ లోహంతో చేసినవి తొందరగా వంగుతాయి.

ఇక సిమ్ మంట. సర్వపిండి చేసే ఇళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. గిన్నె లోపల అంటిన పిండి సన్న సెగ మీద నిదానంగా కాలాలి, సిమ్‌లో పెడితేనేమో మంట ఆరిపోతుంది. నాబ్ వెనక కాక్ లోపల సన్నగా చెక్కిన ఇత్తడి బిరడా ఉంటుంది. సిమ్ వైపు తిప్పినప్పుడు గ్యాసు ఆ బిరడాలోని ఒక చిన్న తూటు గుండానే పోవాలి. పాత గ్రీజు గట్టిపడి ఆ తూటుకు అడ్డం వస్తే సిమ్ ఆరుతుంది. నాబ్ తిప్పడం కష్టమైనా కారణం ఆ ఎండిన గ్రీజే. ఇక్కడ ఇళ్లల్లో జరిగే తప్పు చెప్పకుండా ఉండలేం. నాబ్ గట్టిగా ఉందని కొబ్బరినూనె పోస్తారు, కుట్టుమిషను నూనె పోస్తారు, కొందరు బండి గ్రీజు పూస్తారు. ఇవి పొయ్యి వేడికి కరిగి జారిపోతాయి. బిరడాకూ కాక్‌కూ మధ్య గ్యాసును ఆపేది ఆ గ్రీజు పొరే. అది పోతే నాబ్ మొదట్లోంచి గ్యాసు కారుతుంది, మంట పక్కనే. గ్యాసు కాక్‌లకు వేడికి కరగని ప్రత్యేకమైన గ్రీజు ఉంటుంది. పాతదంతా గుడ్డతో తుడిచి, కిరోసిన్ లాంటిదేదైనా వాడితే పూర్తిగా ఆరబెట్టి, కొత్తది పలుచగా పూసి, సిమ్ తూటు మీద పడకుండా చూసి బిగించాలి. బిరడా గీతలు పడి ఉంటే ఎంత గ్రీజూ నిలవదు, కాక్ మార్చాలి. ఈ పని ఇంట్లో చేయకండి. తెలిసిన మెకానిక్‌తో చేయించి, చేసిన వెంటనే ఆయన ముందే సబ్బునీళ్ల పరీక్ష చేయించుకోండి.

మంట వెనక్కి తన్నడం వేరే సంగతి. సిమ్‌లో పెట్టినప్పుడో, వెలిగించినప్పుడో ఫట్‌మని శబ్దం వచ్చి టోపీ మీద మంట మాయమవుతుంది, లోపల సన్నగా సుయ్‌మంటుంది. గ్యాసు ఇప్పుడు గొట్టం లోపల జెట్టు మూతి దగ్గరే మండుతోంది. వెంటనే నాబ్ మూయండి. అట్లే వదిలితే గొట్టం, కాక్ కాలిపోయి గ్రీజు కరుగుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగి, టోపీ సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ వెలిగించండి. మళ్లీమళ్లీ ఇట్లే అవుతుంటే టోపీ తూట్లు అరిగి పెద్దవైనాయనో, అంచు వంగిందనో, జెట్టు సగం మూసుకుందనో అర్థం. దీనికి వ్యతిరేకం మంట టోపీని అంటకుండా పైకెగిరి రొద చేయడం. ఒత్తిడి ఎక్కువైనప్పుడు, లేదా గాలి మరీ ఎక్కువ కలిసినప్పుడు ఇట్లా అవుతుంది. అన్ని బర్నర్లూ ఇట్లా రొద చేస్తుంటే రెగ్యులేటర్ పనిచేయడం లేదని అనుకోవాలి. అప్పుడు పొయ్యిని ముట్టుకోవద్దు, రెగ్యులేటర్ మూసి బండ ఇచ్చిన డిస్ట్రిబ్యూటర్‌ను పిలవాలి.

పొయ్యి అంతా నీరసంగా మండే సంగతి కొస్తే, మొదట పైపు చూడండి. పొయ్యి కాలి కింద నలిగిందా, గోడకూ బండకూ మధ్య మడత పడిందా. నారింజ రంగు సురక్షా పైపు మీద ఐఎస్ 9573 అనీ, చేసిన సంవత్సరమూ అచ్చువేసి ఉంటాయి. అయిదేళ్లు నిండితే పైకి కొత్తగా కనబడినా మార్చాల్సిందే. కొత్త పైపు ఎక్కడం లేదని నిప్పు మీద కాచి వెడల్పు చేసేవాళ్లున్నారు. అట్లా చేస్తే లోపలి రబ్బరు పగులుతుంది. వేడినీళ్లలో నిమిషం ముంచితే మెత్తబడి ఎక్కుతుంది. తర్వాత రెగ్యులేటర్. దాని లోపల రబ్బరు పొర ఒకటి ఉంటుంది, పైన గాలి ఆడే చిన్న తూటు ఉంటుంది. ఆ తూటుకు నూనె జిడ్డు, పిండి పట్టి మూసుకుంటే మంట ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా ఊగుతుంది. ఆ తూటు దగ్గరే గ్యాసు వాసన వస్తే లోపలి పొర చిరిగింది. రెగ్యులేటర్‌ను విప్పి బాగుచేసే వస్తువుగా చూడొద్దు, మార్పించుకోవాలి.

బండ అడుగంటినప్పుడు కూడా మంట ఎర్రబడుతుంది. గ్యాసులో తేలికైన ప్రొపేన్ ముందు ఎక్కువగా పోతుంది, చివరికి బరువైన బ్యూటేన్ మిగిలి ఒత్తిడి తగ్గుతుంది, దాంతో జెట్టు ధార గాలిని లాగే బలమూ తగ్గుతుంది. చలికాలం తెల్లవారుజామున ఇది ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. అప్పుడు బండను పక్కకు పడుకోబెట్టడం, వేడినీళ్లలో పెట్టడం ప్రమాదం. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. మంటలో ఎరుపు చూసి కంగారు పడేముందు ఇంకో చిన్న సంగతి. ఉప్పు, దుమ్ము పడినా నీలం మంటలో నారింజ మెరుపులు కనబడతాయి, ఇల్లు ఊడ్చినప్పుడు చూస్తే తెలుస్తుంది. అవి మసి పట్టవు, జబ్బు కాదు. గిన్నె అడుగు నల్లబడిందా లేదా అన్నదే పరీక్ష.

పొయ్యి శుభ్రంగా ఉన్నా చుట్టూ గాలి ఆడకపోతే అదే బాధ. పొంగితే తుడవడం తేలికని బర్నర్ చుట్టూ అల్యూమినియం కాగితం పరిచేవాళ్లు పెరిగారు. టోపీ కిందికి గాలి పోయే సందు మూసుకుంటే మంటకు చుట్టుగాలి అందదు. గ్యాసు మిగులుతుందని చెప్పి అమ్మే జాలీలు, తీగ చుట్టలు మంట మీద పెడితే నడిమి నీలం కొన చల్లబడి సగం కాలిన గ్యాసు, అందులో కార్బన్ మోనాక్సైడ్ బయటికొస్తుంది. వాసన లేని విషం అది. తలనొప్పి, కళ్లు తిరగడం దాని మొదటి గుర్తులు. ఎండకాలం కూలరు గాలి వంటింట్లోకి నేరుగా కొట్టేటట్టు పెడితే మంట ఒక పక్కకు వాలి గిన్నె పక్కనే మండుతుంది, సిమ్ ఆరిపోతుంది. కిటికీ తెరిచి కూలరు ముఖం తిప్పండి. గాజు పొయ్యి మీద దాని కమ్మీల కంటే వెడల్పయిన సకినాల మూకుడు పెట్టి గంటలకొద్దీ కాస్తే వేడి కిందికి తిరిగి గాజు మీద పడుతుంది. వేడి గాజు మీద తడిగుడ్డ వేస్తే పగిలే ప్రమాదం ఉంది. ఆ పనికి ఇనుప పొయ్యే మంచిది.

ఆటో ఇగ్నిషన్ ఉన్న పొయ్యిల్లో మెరుపు రాకపోతే తెల్ల పింగాణీ కడ్డీ తడిగా ఉందేమో, పగిలిందేమో చూసి, దాని కొనకూ బర్నర్‌కూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉంచితే చాలు.

రెండు హెచ్చరికలు మాత్రం గట్టిగా చెప్పాలి. మొదటిది, టిఫిన్ బండ్ల దగ్గర వాడే, చెయ్యితో తిప్పితే ఒత్తిడి పెరిగే రెగ్యులేటర్ ఇంటి పొయ్యికి పెట్టకూడదు. ఇంటి కాక్, ఇంటి పైపు ఆ ఒత్తిడికి చేసినవి కావు. పండుగ పిండివంటలకు మంట చాలడం లేదని ఆ రెగ్యులేటర్ అరువు తెచ్చుకునే అలవాటు మానాలి. రెండోది, పైపులైను గ్యాసు వచ్చే ఇళ్ల సంగతి. దాని ఒత్తిడి తక్కువ, వేడి ఇచ్చే శక్తీ బండ గ్యాసులో సగానికి లోపే. అందుకే దాని జెట్ల తూటు పెద్దది. బండ పొయ్యిని మార్చకుండా పైపులైనుకు కలిపితే మంట చాలదు. తర్వాత ఇల్లు మారి ఆ పెద్ద జెట్ల పొయ్యిని బండకు కలిపితే అడుగు పొడుగు ఎర్ర మంట లేస్తుంది. పాత పొయ్యి కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఇది ఏ గ్యాసు జెట్లతో ఉందో ముందు అడగండి.

ఏ పని చేసినా చివరికి సబ్బునీళ్ల పరీక్ష. గిన్నెడు నీళ్లలో చెంచాడు సబ్బుపొడి గిలకొట్టి, నాబ్‌లు మూసి, రెగ్యులేటర్ తెరిచి, రెగ్యులేటర్ బండ మీద కూర్చునే చోట, పైపు రెండు చివర్లా, కాక్‌ల మొదట్లో బ్రష్షుతో పూయండి. బుడగలు లేస్తే అక్కడ కారుతోంది. అగ్గిపుల్లతో వెతకొద్దు. ఎం-సీల్‌తోనో, సబ్బుముక్కతోనో తూటు పూడ్చొద్దు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీద, బండ పెట్టిన గుంటలో, అలమర అడుగున నిలుస్తుంది. వాసన వస్తే స్విచ్చులు వెయ్యొద్దు, తియ్యొద్దు. రెగ్యులేటర్ మూసి, తలుపులు కిటికీలు తెరవండి. రెగ్యులేటర్ తీసినా బండ మూతి దగ్గర సుయ్‌మంటుంటే లోపలి వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. దారంతో కట్టి ఉన్న మూతను గట్టిగా పెట్టి, బండను ఆరుబయటికి చేర్చి, 1906 నంబరుకు ఫోను చేయండి. ఆ మూతను పారేయకుండా బండకే వేలాడనివ్వండి. కొత్త బండ దించుకునేటప్పుడు మెడ దగ్గరి పట్టీ మీద అక్షరం, సంవత్సరం చూడండి: ఏ అంటే మార్చి దాకా, బీ జూన్ దాకా, సీ సెప్టెంబరు దాకా, డీ డిసెంబరు దాకా. అది బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు, అది దాటిన బండ తీసుకోవద్దు.

1999లో దీపం పథకం మొదలైనప్పటి నుంచి, 2016లో ఉజ్వల వచ్చిన తర్వాత ఇంకా ఎక్కువగా, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ పల్లెల్లో కట్టెల పొయ్యి పోయి గ్యాసు పొయ్యి వచ్చింది. మంచి మార్పే. కానీ ఆ పొయ్యిల్లో చాలా వాటి గొట్టం ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. బాగుచేయడానికి హనుమకొండ దాకా మోసుకు రావాలంటే ఒక కూలి రోజు పోతుంది. అందుకని అడుగుతున్నాం. బండలు పంచే డిస్ట్రిబ్యూటర్లు ఏడాదికోసారి మండల కేంద్రంలో ఒక రోజు పెట్టి పొయ్యిలు విప్పి శుభ్రం చేయించే ఏర్పాటు చేయాలి. పొయ్యి కంపెనీలు విడి జెట్ల మీద తూటు సైజు అంకె, ఏ గ్యాసుకో, చెక్కి అమ్మాలి. ఇప్పుడు బజార్లో దొరికే వాటిలో చాలా వాటి మీద ఏ అంకే ఉండదు, కొనేవాళ్లకూ వేసేవాళ్లకూ అది గుడ్డి లెక్కే. ఐటీఐల్లో, మహిళా సంఘాల శిక్షణల్లో ఈ పని నేర్పితే ప్రతి ఊళ్లో ఒకరిద్దరు తయారవుతారు. సరైన సైజు స్పానర్లు రెండు, ఒక సన్న బ్రష్షు, రాగి పోగు, కాక్ గ్రీజు డబ్బా ఉంటే పని మొదలుపెట్టవచ్చు. వీధిలో కంపెనీ మనుషులమని చెప్పి ఇంట్లోకి వచ్చేవాళ్లను మాత్రం గుర్తింపు కార్డు చూపించమని అడగండి. జెట్టు తూటు పెద్దది చేస్తామన్నవాళ్లతో పొయ్యి విప్పించకండి.

సంక్రాంతికి ముందే దీన్ని అచ్చువేస్తే మేలు. మూకుడు పెట్టే ముందు రోజు కాదు, కనీసం వారం ముందు పొయ్యి విప్పి చూసుకుంటే కావలసిన టోపీయో, జెట్టో తెచ్చుకోవడానికి టైము ఉంటుంది.

ఇట్లు,
గ్యాసు పొయ్యిలు బాగుచేసే కొందరు మెకానిక్‌లు,
వరంగల్, హనుమకొండ.